వంట హవల్దారు కాళ్ళు

చైనా యుద్ధం అయిన మరుసటి వేసవి. సైన్యంలో చేరేవాళ్ళను పరీక్షించే వైద్య బృందంగా పెనుకొండ స్టేషనులో దిగాం. మధ్యాహ్నం రెండు గంటలు. నీడ లారీ కింద మాత్రమే ఉంది. హిందూపురం ముగిసింది, ధర్మవరం మిగిలింది. మా పోరు చదును పాదాల మీద, మందగించిన చెవుల మీద. ప్రాణనష్టం ఉండదని ఇళ్ళకు ఉత్తరాలు రాశాం.

రెండు గుడారాలు, ఒక జనరేటరు, ఒక ఈసీజీ పెట్టె. గుండె కొట్టుకునే తీరును అది కాగితం మీద గీస్తుంది. బీఎస్సీ చదివానని దాన్ని నాకు అంటగట్టారు.

మూడో రోజు పొద్దున వంట హవల్దారు ఛాతీ పట్టుకుని వచ్చాడు. ధర్మవరం మనిషి. పటాలంలో చేరకముందు గుంటమగ్గం నేసినవాడు.

"గ్యాసప్పా. నేను చేసిన సాంబారు నేనే తినింటి."

"మేము దినామూ తింటాండామే!"

పడుకోబెట్టి తీగలు తగిలించాను. గీత వణికింది. చూస్తే, పల్చటి దుప్పటి కింద అతని పాదాలు ఒకదాని తరువాత ఒకటి కిందికి నొక్కుతున్నాయి, మగ్గం చెక్కలు తొక్కినట్టు.

"కాళ్ళు ఆడించొద్దప్పా."

"నేను యాడ ఆడిస్తాండా?"

నిజంగానే అతనికి తెలియదు. డాక్టరు కెప్టెన్ మీట నొక్కాడు, నేను పాదాలు అదిమి పట్టాను. నా అరచేతుల్లో అవి నేస్తూనే ఉన్నాయి. ఎట్టకేలకు వచ్చిన గీతలో ఏ తేడా లేదు.

"పోతా సార్. బియ్యం నానుతాండాయి."

"గీతలో కనపడనిది రక్తంలో కనపడొచ్చు. లేవకు," అన్నాడు కెప్టెన్.

గుండె కండ దెబ్బతింటే అందులోని ఎంజైము కొన్ని గంటలకు రక్తంలో పెరుగుతుంది. సాయంత్రం తీసిన రక్తం మంచు ఫ్లాస్కులో బెంగళూరు రైలెక్కింది. ఆ పూట వంట నాది. దానిపై విచారణ జరగలేదు. హవల్దారు నిద్రపోయాక కూడా పాదాలు పనిలోనే ఉన్నాయి.

పొద్దున ఎనిమిదింటికి స్టేషనుకు ఫోను వచ్చింది. "ఎంజైము చాలా ఎక్కువ. మనిషిని కదిలించొద్దు."

పరుగెత్తాం. గుడారంలో గాలి ఆడటం లేదు. హవల్దారు కళ్ళు తెరిచే ఉన్నాడు. పాదాలు ఆగిపోయాయి.

ఈసారి ఎవరూ పట్టుకోనక్కరలేకపోయింది. నా సర్వీసులో తీసిన అతి శుభ్రమైన గీత అదే. ప్రతి స్పందన వెనకా, చదునుగా ఉండాల్సిన చోట గుట్టలా లేచి ఉంది. గుండెపోటు. మార్ఫిన్ ఇచ్చి, కాపలా కూర్చున్నాం.

మర్నాడు సాయంత్రం గీత మళ్ళీ వణికింది.

"చెడిపోయింది సార్," అన్నాను.

కెప్టెన్ దుప్పటి వైపు చూసి, ఆ ఊరొచ్చాక మొదటిసారి నవ్వాడు.

బృందం పని ముగిశాక, ఇంటికి పోతూ ధర్మవరంలో అతన్ని చూశాను. భార్య మగ్గం నేస్తోంది. అతను పక్కన అరుగు మీద కూర్చున్నాడు. నేలకందని పాదాలు ఆమెతో పాటే తొక్కుతున్నాయి.

"కాళ్ళు ఆడిస్తాండావప్పా."

"యాడబ్బా?"

ఇప్పటికీ మా ఇంట్లో ఎవరు నిద్రపోతున్నా ముందు కాళ్ళే చూస్తాను. కనపడేవి మాత్రం పెనుకొండవే: పట్టపగలు, దుప్పటి కింద నిటారుగా, నా వైపే తిరిగి, కదలని రెండు పాదాలు.