ఒలింపిక్స్ మీద అలిగిన మా అమ్మ

నా చిన్నప్పుడు ఒకసారి మా అమ్మకు ఒలింపిక్స్ వాళ్ల మీద పట్టరాని కోపం వచ్చింది... నవ్వకండి, నిజంగానే!

అప్పుడు నేను ఐదో తరగతి. పామిడి దగ్గర ఒక శెనక్కాయల మిల్లు ఉండేది. మా నాయన అందులో హమాలీ. మూటను వీపున వేసుకుని, లారీకి ఆనించిన చెక్క పలక మీదుగా ఎక్కి లోపల పేర్చడం ఆయన పని. ఆ ఏడు ఆ పలక మీదే కాలు జారి పడ్డాడు... నడుము దెబ్బతింది. ఇక జన్మలో బరువు ఎత్తొద్దన్నాడు డాక్టరు.

అదే ఏడు వాన మొహం చాటేసింది. విత్తిన గింజ విత్తినట్టే చేలో మాడిపోయింది. మా వీధిలో సగం ఇళ్లకు అప్పటికే తాళాలు... అందరూ బెంగుళూరుకు, కట్టడాల పనికి. మేమూ గురువారం బస్సెక్కాలి. అంటే నా చదువు అంతటితో సరి. ఆ మాట అమ్మ నోటితో అనలేదు గానీ, నా పుస్తకాల సంచి తీసి అటక మీద పెట్టేసింది. నేను దించడం, ఆమె మళ్లీ పెట్టడం... మూడు రోజులు మా ఇద్దరికీ ఇదే యుద్ధం.

ఊరు విడవకుండా ఉండాలంటే ఒకటే దారి. నాయన బదులు అమ్మ మూటలు మోయాలి. అమ్మ అడిగింది కూడా. హమాలీల మేస్త్రి నాగన్న ససేమిరా అన్నాడు.

"ఆడోళ్లు గింజలు ఏరేదానికి రావల్లమ్మా, మూటలు మోసేదానికి కాదు. నువ్వు గూడా పడితే ఆ పాప గతేంది?"

చెడ్డవాడేం కాదు పాపం... నాయన పడ్డ రోజు భుజాన వేసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది ఆయనే.

అయినా అమ్మ ఊరుకునే రకమా! మంగళవారం సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని మళ్లీ మిల్లుకు బయల్దేరింది. ఆఫీసు గదిలో టీవీ చుట్టూ జనం. వార్తలు వస్తున్నాయి. మేమిద్దరం గుమ్మంలో నిలబడ్డాం. తెర మీద మన దేశం అమ్మాయి... ఇనుప కడ్డీకి అటూ ఇటూ పెద్ద పెద్ద చక్రాలు. బుగ్గలు పూరించి, పళ్లు బిగబట్టి, అంత బరువునూ తల మీదికి ఎత్తేసింది! ఒలింపిక్స్‌లో కంచు పతకమట. గదంతా ఈలలు, కేకలు. నాగన్నైతే తలగుడ్డ విప్పి గాల్లో గిరగిరా తిప్పాడు. మన జెండా పైకి పోతుంటే నాకు ఒళ్లు పులకరించింది... ఆ అమ్మాయి మా ఇంటి మనిషే అనిపించింది.

ఇంతలో ఎత్తిన బరువును ఆ అమ్మాయి ధబీమని కింద పడేయడం మళ్లీ చూపించారు.

"అయ్యో అయ్యో! అంత కష్టపడి ఎత్తి, పడేస్తాందేమప్పా!" అంది అమ్మ గుండెల మీద చెయ్యేసుకుని.

గది గదంతా గొల్లుమంది. కానీ మా దగ్గర అది మామూలు తప్పు కాదు మరి. మూట విసిరితే కాయ చితుకుతుంది, పప్పు విరుగుతుంది... అలాంటి హమాలీని మర్నాడు ఎవరూ పిలవరు.

"అందుకే బంగారం ఇయ్యకుండా కంచు ఇచ్చినారు. మెల్లగా దించింటే బంగారమే!" అని తేల్చేసింది అమ్మ. అక్కడ అందరూ అలాగే పడేస్తారని గుమాస్తా చెబితే ఇంకా మండిపడింది. "దించేది నేర్పకుండా ఎత్తేది నేర్పినారా? ఏం పెద్దమనుషులప్పా వాళ్లు!"

నవ్వులు ఆగకముందే నాగన్న వైపు తిరిగింది.

"ఏం నాగన్నా, ఆ పాప ఆడది కాదా? తలగుడ్డ తిప్పితివే! దేశం కోసం ఎత్తితే మెచ్చుకుంటివి... నా ఇంటి కోసం నేను ఎత్తుతానంటే వద్దంటివి. ఇదేం న్యాయం?"

నాగన్న తల గోక్కున్నాడు. "సరే, రేపు పొద్దున రా. మూడు మూటలు ఎక్కించు. ఒక్కటి జారినా మళ్లా ఈ మాట ఎత్తగూడదు."

మర్నాడు నాయన కర్ర పట్టుకుని మాతో పాటే వచ్చాడు. మొదటి మూట బాగానే ఎక్కించింది. రెండోదానికి పలక మధ్యలో ఆగిపోయి కిందికి చూసింది. నేను కళ్లు మూసుకున్నాను.

"కిందికి చూడద్దే! పలక కొసకు చూడు... చిన్న అడుగు... ఇంగొకటి..." నాయన గొంతు.

ఎక్కింది. మూడోదీ ఎక్కింది. ప్రతి మూటనూ చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు దించింది. నాగన్న లారీ ఎక్కి మూటల కుట్లు తడిమి చూసి, "రేపట్నుంచి ఆరుకల్లా ఈడ ఉండల్ల. లేటైతే ఒప్పుకోను" అన్నాడు గట్టిగా. అమ్మ లారీ చక్రానికి ఆనుకుని కూలబడి భోరున ఏడ్చింది. నాయన పడ్డప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. నేను ఒక్క పరుగున ఇంటికి పోయి అటక మీది సంచి దించేసుకున్నాను.

నేను టీచరు ట్రైనింగు ముగించేదాకా మోసింది మా అమ్మ. ఇప్పుడు ఆమెకు మోకాళ్లు సహకరించవు. మిల్లులోనూ మూటలు బెల్టు మీద పోతున్నాయి.

ఇప్పుడు మనవాళ్లకు పతకం వస్తే నిమిషంలో ఫోనులో తెలిసిపోతుంది. ఒక జెండా బొమ్మ పెట్టి, వేలితో పైకి తోసి, తర్వాతది చూసుకుంటాం... నేనూ అంతే లెండి. అలా గుమ్మంలో నిలబడి, ఊపిరి బిగబట్టి చూసి ఎన్నాళ్లయిందో! మీ ఇళ్లలోనూ ఎవరి గెలుపో చూసి గుండె దిటవు చేసుకున్నవాళ్లు ఉంటే రాయండి, చదువుకుంటాను.

ఆ అమ్మాయి ఆ రోజు దేశానికి ఒక పతకం తెచ్చాననే అనుకుంటూ ఉంటుంది... ఇక్కడొక పిల్ల బడి మానకుండా కాపాడిందని ఆమెకు ఎవరు చెప్పాలి?