చిప్‌ల యుద్ధంలో నా తెలుగు పీరియడ్లు

మా కాలనీలో నేను ఆంగ్ల పండితుడినన్న అపవాదు ఒకటి ప్రచారంలో ఉన్నది. లిఫ్టులో నన్ను చూడగానే పిల్లలు తెలుగు ఆపేసి నిటారుగా నిలబడుతున్నారు. కింది అంతస్తు పెద్దమనిషి తన కొత్త వాషింగ్ మెషీన్ వాడే విధానాన్ని నా చేత చదివించుకొని, నా మాట నమ్మి, రెండు చొక్కాలు పోగొట్టుకున్నాడు. ఇంకెవరి బట్టలూ పాడు కాకముందే ఈ అపవాదు తొలగాలి. అందుకే జరిగినది జరిగినట్టు, వరుస తప్పకుండా రాసి పెడుతున్నాను.

ఆ రోజుల్లో (అంటే ఏ నిజాం కాలమో కాదు, కరోనా తగ్గి బడులు తెరుచుకున్న తర్వాతి మాట) విద్యార్థి దశ నాకు ఇంకొక విడత మిగిలి ఉన్నదని నేను ఎరుగను. తుర్కయంజాల్ సర్కారు బడిలో తెలుగు పండితుడిగా పదవీ విరమణ చేసి, ఎల్బీనగర్‌లోని ఒక ప్రైవేటు బడిలో ఆ తెలుగే చెప్పుకుంటున్నాను. పద్యం చెప్పడం తప్ప మరో పని రాని మనిషిని. (ఫ్యాన్ రెగ్యులేటరు ఎటు తిప్పాలో నేటికీ మా ఆవిడనే అడుగుతాను.) ఆ వేసవిలో బడి చేతులు మారింది. కొత్త కరస్పాండెంటు ఇసుక లారీలతో పైకి వచ్చినవాడు. మమ్మల్నందరినీ కూర్చోబెట్టి, "సార్లూ, మేడములూ, జూన్ల బడి తెరిచేటాల్లకు అందరు ఇంగ్లీష్ల మాట్లాడాలె. ఇంటర్వ్యూ పెడ్త. మాట్లాడినోళ్లు ఉంటరు, రానోళ్లు ఇంటికి పోతరు" అన్నాడు.

"తెలుగు చెప్పేవాడు కూడానా?" అని అడిగాను.

"మీరే ముందుగాల, పంతులు సార్! పొద్దుగాల గేటు కాడ పేరెంట్స్‌కు కనవడేది మీరే గదా."

ఆలస్యంగా వచ్చిన పిల్లలను పట్టుకోవడానికి గేటు దగ్గర నిలబడటం నేను కోరి తెచ్చుకున్న పని. క్రమశిక్షణ నన్ను ఇలా దెబ్బ తీస్తుందని అనుకోలేదు. తెలుగు పీరియడ్లు నిలబెట్టుకోవాలంటే ఇంగ్లీషు నేర్వక తప్పదని తేలిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటరు మీది అంతస్తులోని స్పోకెన్ ఇంగ్లీషు తరగతిలో చేరాను. చుట్టూ హాస్టళ్లలో ఉండి కంప్యూటరు కోర్సులు చదివే కుర్రవాళ్లు. మధ్యలో ఇస్త్రీ పంచెతో నేను. చెప్పేది భీమవరం వైపు అమ్మాయి. నా దగ్గర చదువుకొని ఉంటే మొదటి బెంచీలో కూర్చోబెట్టేవాడిని, అంత పద్ధతి గల పిల్ల. ఆమెకు ఒక విధానం ఉండేది.

"అన్ని విషయాలూ ముట్టుకుంటే ఏ మాటా నిలవదండీ, మాస్టారూ. ఒకటే వార్త పట్టుకుంటే అవే మాటలు మళ్లీ మళ్లీ తగులుతాయి. ఈ బ్యాచ్‌కి కంప్యూటర్ చిప్‌లు, వాటి కోసం దేశాల కొట్లాటలూనండీ."

"కూరగాయల మార్కెట్టుతో మొదలుపెట్టరాదా, అమ్మా?"

"అది పోయిన బ్యాచ్‌తో అయిపోయిందండీ."

ఒక బ్యాచ్ ముందు చేరి ఉంటే నా జీవితం వేరుగా ఉండేది.

రోజూ ఆంగ్ల పత్రికలో ఆ వార్తే చదివేవాళ్లం. ఒక దేశం మరో దేశానికి చిప్‌లు చేసే యంత్రాలు అమ్మనంటే ఎక్స్‌పోర్ట్ కంట్రోల్. వినకపోతే వేసే శిక్ష శాంక్షన్. రెండో దేశం కోపగించి ఖనిజాలు ఆపితే రిటాలియేషన్. మధ్యలో చిక్కిన, చిప్‌లు ఎక్కువగా తయారయ్యే చిన్న ద్వీపం గొంతు లాంటిది కనుక చోక్ పాయింట్. నేను మా గురువుల పద్ధతిలో వల్లె వేశాను. మెట్రోలో "రిటాలియేషన్, రిటాలియేషన్" అని గొణుగుతుంటే పక్కనున్న ఆయన చైతన్యపురిలో లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయాడు.

ఒక ఉదయం మా ఆవిడ పాలగిన్నె పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉంటే, "సప్లై చైన్ డిస్రప్షన్" అన్నాను.

"గిదేం మాట? పాలోడు రాలేదనుండ్రి, సరిపాయె. గంతదానికి గన్ని మాటలెందుకు?"

"ఇంగ్లీషు నేర్చుకుంటున్నాను."

"అయితే గరిటెను ఏమంటరో చెప్పుండ్రి."

నాకు తెలియలేదు. ఆ సాయంత్రం అమ్మాయిని అడిగితే, "ఆ వార్తల్లో గరిటె రాలేదండీ మాస్టారూ" అన్నది. అప్పుడు గాని నా చదువు ఏపాటిదో నాకు తెలిసిరాలేదు. ద్వీపం ఎవరిదో ఆంగ్లంలో వాదించగలను. బియ్యంలో రాళ్లున్నాయని చెప్పలేను. వెనక్కి వెళ్లి కొత్తగా నేర్వడానికి వేసవి మిగిలి లేదు. మా ఆవిడ కర్మన్‌ఘాట్ హనుమంతునికి మొక్కుకున్నది. నేను మొక్కులు నమ్మను కాని, ఆమెను వారించలేదు.

ఇంటర్వ్యూలో కరస్పాండెంటు పక్కన కేరళ నుంచి వచ్చిన ప్రిన్సిపాల్ మేడం కూర్చున్నారు. మీ కుటుంబం గురించి చెప్పండి అని ఇంగ్లీషులో మెత్తగా అడిగారు. బావమరిదిని ఏమంటారో రాదు, వియ్యంకుణ్ని ఏమంటారో రాదు. నాకు తెలిసిన బంధుత్వం దేశాల పొత్తు, అలయెన్స్, ఒక్కటే. ముప్పయ్యేళ్ల పైచిలుకు పద్యాలు చెప్పిన గొంతు నుంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఆమె జాలిపడి, తరగతిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఏం చేస్తారని అడిగారు.

అక్కడ గట్టు తెగింది. తొలుత ఇరుపక్షాలూ సంయమనం, అంటే రిస్ట్రెయింట్, పాటించాలన్నాను. తెర వెనుక డిప్లొమసీ నడుపుతానన్నాను. దారికి రాకపోతే శాంక్షన్స్; కబడ్డీ మీద ఎంబార్గో, అంటే నిషేధం; ఒక బెంచీ నుంచి మరో బెంచీకి స్కేళ్లు, వృత్తలేఖినులు వెళ్లకుండా ఎక్స్‌పోర్ట్ కంట్రోల్; చివరకు నడిమి బెంచీని ఎవరూ అడుగుపెట్టని బఫర్ జోన్‌గా ప్రకటిస్తానన్నాను. మేడం కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. (అది నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది.)

కరస్పాండెంటు మాత్రం బల్ల చరిచాడు. "ఏం మాట్లాడిండ్రు సార్! టీవీల ఢిల్లీ పెద్దమనుషుల లెక్కనే ఉన్నది. నాకైతే ఒక్క ముక్క సమజ్ గాలే, గంత మంచిగున్నది!"

"అయితే నా ఉద్యోగం?"

"పక్కా! తొమ్మిది, పది క్లాసులకు ఇంగ్లీష్ల కరెంట్ అఫైర్స్ మీరే చెప్పాలె."

"మరి తెలుగు?"

"తెలుగుదేమున్నది సార్, ఎవలైన చెప్తరు. డ్రిల్లు సార్ ఎండల ఖాళీగనే ఉంటడు, ఆయన చూస్కుంటడు."

ఇంటికి చేరగానే మా ఆవిడ, "నౌకరి ఉన్నదా?" అని అడిగింది.

"ఉన్నది."

"మరి మొఖం గట్లున్నదేంది?"

"తెలుగు పోయింది."

"ఏడికి పోయింది?"

"డ్రిల్లు సారు దగ్గరికి."

ఆమె నవ్వబోయి, నా ముఖం చూసి, మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇప్పటికీ ఆ బడిలోనే ఉన్నాను, ఆ చిప్‌ల గొడవే చెబుతున్నాను. గోడ అవతల డ్రిల్లు సారు విజిల్ ఊది పద్యం మొదలుపెడతాడు. పిల్లలు కవాతు చేస్తున్నట్టు చదువుతారు. యతి ఎక్కడ తెగుతుందో ఇక్కడి నుంచే నాకు తెలుస్తూ ఉంటుంది. వెళ్లి చెప్పలేను, నా తరగతి వేరు. మెట్రోలో కిటికీ పక్కన కళ్లు మూసుకొని వల్లె వేస్తున్న ఆనాటి ఇస్త్రీ పంచె పెద్దమనిషి అప్పుడప్పుడు గుర్తుకు వస్తాడు. పాపం, ఏ పద్యాల కోసం అన్ని తంటాలు పడ్డాడో తలచుకుంటే నాకే చిన్న నవ్వు వస్తుంది.

దిద్దడం మానేసినవాడి చేతిలో భాష నిలకడగా ఉండదు. ఈ రచనలో దోషాలు దొర్లి ఉంటాయి. ఆంగ్ల పదాల జోలికి పోనక్కరలేదు, వాటిని వాటి ఖర్మకు వదిలేయండి. తెలుగులో తప్పు కనిపిస్తే మాత్రం, నా వయస్సు చూసి మొహమాటపడకుండా, ఒక్క అక్షరమైనా విడువక దిద్దవలసిందిగా చదువరులను వేడుకొంటున్నాను.