పాండురంగం ఎడమ చెప్పు

పాండురంగానికి మతి తప్పిందని, ఎప్పుడో పోయిన ఎడమ చెప్పు కోసం వరంగల్ అంతా తిరుగుతున్నాడని మా గల్లీలో ఒక పుకారు. అది అబద్ధం. మతి బాగానే ఉంది. చెప్పు కూడా పోలేదు, ఆయన చంకన వేలాడే గుడ్డసంచిలో ఉంటుంది. ఆయన మా ఇంట్లో చాయ్ తాగుతుండగా నేనే సంచి విప్పి చూశాను. చూడకపోతే నాకు అన్నం సయించదు.

ఆయనకున్నది ఒకటే పిచ్చి. ఎవరైనా అన్నీ తెలిసినవాడినని బోర్డు పెడితే చాలు, పోయి అడుగుతాడు. "సారూ, నా ఎడమ చెప్పు పోయింది. ఏడున్నదో జర చెప్తరా?"

దవాఖానలో డాక్టర్ విసుక్కున్నాడు. "నాకేం తెలుసు పెద్దాయనా? బీపీ చూపించుకుంటవా, లేస్తవా?"

పాండురంగం మురిసిపోతూ బయటికొచ్చాడు. "అసలైన డాక్టరక్కా! తెల్వదన్నడు."

చేయి చూసి జాతకం చెప్పే ఆయన మాత్రం పడమటి దిక్కుకు కుక్క ఎత్తుకుపోయిందన్నాడు. "బోగస్!" అని తేల్చేశాడు పాండురంగం.

"బోగస్ అంటే ఏంది తమ్మీ, సదువు లేనోడా?" అనడిగాను.

"మనకు సదువున్నదా? మనం బోగసా? తెల్వనిది తెల్వదని చెప్పనోడు బోగస్."

నాలుగో తరగతి దాటని నాకు ఆ మాట తెగ నచ్చింది. మా కోడలి మీద వాడాను. సాయంత్రానికి ఆ మాట తిరిగి నా మీదికే వచ్చింది.

మొన్న మా గల్లీలోని మొగిలమ్మ ఇంటికి వాస్తు సార్ వచ్చాడు, వెనకే నేనూ. ఆమె ముందుగదిలో గుంట మగ్గం ఉంది. నలభై ఏళ్లుగా ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని జంపఖానాలు నేస్తోంది. సార్ దిక్సూచి తిప్పి చూశాడు.

"నైరుతిలో గుంటా? మీ మోకాళ్ల నొప్పికి ఇదే కారణం. పూడ్చెయ్యండి."

కొడుకు సుదర్శన్ అప్పుడే గుంట నింపే మొరం మట్టి ట్రాక్టర్‌కు ఫోన్ కలిపాడు. మొగిలమ్మ మగ్గం పట్టుకుని నిలబడింది.

అంతలో సంచితో దిగాడు పాండురంగం. "సార్, నా ఎడమ చెప్పు..."

సార్ దిక్సూచి చూశాడు. "ఉత్తరాన, నీళ్ల దగ్గర. మూడు రోజుల్లో దొరుకుతుంది."

"మూడొద్దులెందుకు సార్?" అంటూ సంచి విప్పి, ఆ ఎడమ చెప్పే తీసి గడప బయట పెట్టాడు.

"అన్నా, మొరం వద్దే!" అని ఫోన్లో అరిచాడు సుదర్శన్. సార్ తన చెప్పులు కుడిది ఎడమకు తొడుక్కుని నడిచిపోయాడు.

మొగిలమ్మ తల వంచుకుంది. "ఎంత పిచ్చిదాన్ని! నమ్మితి."

"నేను నమ్మలేదా వదినా? నిరుడు ఒక బోగస్‌గాడు చెప్తె ఎంటికలు మొలిచే నూనె రాసిన. ఇగో, పంట చూడు." పాండురంగం నున్నటి గుండు వంచి చూపించాడు. మొగిలమ్మ పకపకా నవ్వి గుంటలోకి కాళ్లు జార్చింది.

ఆయన ఏ నూనే రాయలేదు. రాస్తే నాకు తెలియకుండా ఉంటుందా?

నాకు మాత్రం ఒక అనుమానం పీకుతూనే ఉంది. గడప దిగుతుంటే పట్టుకున్నాను. "నిజం చెప్పు తమ్మీ. నైరుతిల గుంటుంటె ఏమన్న అయితదా, కాదా?"

పాండురంగం చెప్పు దులిపి సంచిలో వేసుకున్నాడు.

"నాకు తెల్వదక్కా."