తేదీ మరిచిన మిషను

తిరువొత్తియూరు సన్నిధి వీధిలో వరదయ్యను అందరూ కంప్యూటరు సామి అనేవారు. నిజానికి ఆయనకు జ్యోతిషంలో ఓనమాలు కూడా రావు. మూడు తరాలుగా జాతకాలు రాసిన ఇంట పుట్టి, టైపు కొట్టుకుని బతికిన మనిషి. తండ్రి పోయాక, "మీ ఇంట్లో ఇంక జాతకం చెప్పే దిక్కే లేదా" అని నలుగురూ దెప్పుతుంటే రోషం వచ్చి ఒక కంప్యూటరు కొన్నాడు. తండ్రి కూర్చున్న అరుగు మీదే బల్ల వేసి దాన్ని కూర్చోబెట్టాడు. పుట్టిన తేదీ, వేళ, ఊరు చెబితే చాలు, కాగితం గరగరమంటూ బయటికి వచ్చేది. మనిషి చెబితే నమ్మనివాళ్లు కూడా మిషను చెబితే చేతులు కట్టుకుని వినేవారు. ఊరికి మద్రాసు అన్న పేరు అప్పటికింకా మారలేదు.

ఏడాది తిరగకముందే మిషను లోపలి చిన్న బ్యాటరీ చచ్చింది. కరెంటు పోయి వస్తే చాలు, అది తేదీ మరిచిపోయి 1980 జనవరి ఒకటికి పోయి కూర్చునేది. బ్యాటరీ మార్చడం గడియ పని. కానీ పెట్టె వెనక కంపెనీ అంటించిన ముద్ర కాగితం చిరిగితే గ్యారంటీ పోయినట్టే. అంబత్తూరులోని సర్వీసు సెంటరుకు తెస్తే పదిహేను రోజులు ఉంచుకుంటామన్నారు. చూస్తే పెళ్లిళ్ల కాలం.

"ఏడాది గడవనీ సామీ, ఆనక మనమే విప్పుదాం" అన్నాడు పక్కన ఎస్టీడీ బూతు నడిపే జనార్దనం.

సరేనని వరదయ్య ఓర్చుకున్నాడు. పొద్దున్నే దేవుడి ముందు సంకల్పంలో సంవత్సరం, మాసం, తిథి చెప్పుకుని, లేచి వచ్చి మిషనుకు తేదీ కొట్టేవాడు. మధ్యలో కరెంటు పోతే మళ్లీ కొట్టాలని తెలియక కాదు. దేవుడికి ఒకసారి చెబితే రోజంతా చాలు కదా, మనసు ఆ అలవాటులోనే ఉండిపోయేది.

అలా మరిచిన ఒక మధ్యాహ్నం పూలమ్మే తంగమ్మ వచ్చింది. ఆమె మొగుడు ఏకాంబరానికి గుండెలో కవాటం చెడిందని, వెంటనే కోయాలని డాక్టర్లు చెప్పారు.

"టైము ఎట్లుండాదో చూడు సామీ. రేపే చేర్చమంటా ఉండారు. నాకేమో కాళ్లు చేతులు ఆడటం లేదు."

వరదయ్య కాగితం తీసి చదివాడు. నడుస్తున్నది శని దశ చివరి భాగం, ప్రాణగండం. ఇంకా పదకొండు నెలలు. తరువాత బుధ దశ, అంతా శుభం. తంగమ్మ కాగితాన్ని కళ్లకద్దుకుని, "అయితే అందాకా ఓర్చుకుంటాం" అని వెళ్లిపోయింది.

సాయంత్రం మిషను ఆపబోతుంటే తెర మీద తేదీ కనబడింది. 1980 జనవరి ఒకటి. వరదయ్య సరైన తేదీ కొట్టి మళ్లీ చూశాడు. శని దశ తీరి పదేళ్లు దాటింది. నడుస్తున్నది ఆ మంచి దశే.

మర్నాడు చెబుదామనే తంగమ్మ ఇంటికి వెళ్లాడు. వాకిట్లో ఇడ్లీ తింటున్న ఏకాంబరం లేచి వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"నన్ను కొయ్యకుండా కాపాడినావు సామీ. ఎన్నాళ్లకో రాత్రి కన్ను మూసినా."

ఆ సంతోషం చూసి వరదయ్యకు చెప్పబుద్ధి కాలేదు. అదొక్కటే అంటే అబద్ధం. తేదీ తెలియని మిషనా అని వీధి నవ్వుతుందన్న భయం కూడా నోరు నొక్కింది. రెండు రోజులాగి చెబుదామనుకున్నాడు. ఆలస్యం అమృతం విషం అని ఊరికే అనలేదు. కార్తీకం వెళ్లకముందే ఏకాంబరం దండ కడుతూ కడుతూ ఒరిగిపోయాడు.

అప్పటినుంచి, తెర వెలగకముందు ఆ నల్లటి అద్దంలో, వరదయ్య భుజం వెనక ఏకాంబరం నిలబడి ఉండేవాడు. తిరిగి చూస్తే ఉత్త గోడ. గ్యారంటీ తీరగానే జనార్దనం ముద్ర చించి బ్యాటరీ మార్చాడు. తేదీ నిలబడింది. ఏకాంబరమూ నిలబడే ఉన్నాడు.

మూడేళ్లకు మిషను ముసలిదైంది. తెర వణికేది, ఉన్నట్టుండి ఆగిపోయేది. "దీనికి పెట్టేది దండగ సామీ, కొత్తది కొను" అని జనార్దనం పోరు. వరదయ్యకూ దాన్ని వదిలించుకోవాలనే ఉంది. కానీ ఏకాంబరం కొత్తదాంట్లోకి కూడా వస్తే? అప్పుడు తప్పు మిషనుది కాదని తేలిపోతుంది. ఆ భయంతో ఆ డొక్కుదాన్నే పట్టుకు వేలాడాడు.

చివరికి పడలేక, తంగమ్మకు అంతా చెప్పేసి, ఆ తరువాతే కొత్తది కొందామని ఆమె పూలబుట్ట దగ్గరికి వెళ్లాడు.

"తంగమ్మా, నీకొక మాట చెప్పాల. ఆ రోజు చూసిన జాతకం..."

"అదే సామీ నన్ను నిలబెట్టింది" అంది తంగమ్మ. "కోయించి ఉంటే బతికేవాడంట, నేనే చంపినానంట. మా ఆడబిడ్డ ఈ పొద్దుకీ అంటాది. ఆ టైములో కోసుంటే బల్ల మీదే పోయుండేవాడు, సామి మిషన్లో చూసి చెప్పినాడు అని నేనంటా. ఆ మాట లేకుంటే ఎప్పుడో సముద్రంలో పడి ఉండేదాన్ని." దారం లాగుతున్న చెయ్యి ఆగింది. "నిజం దానే సామీ? అప్పుడు టైము బాగలేదు గదా?"

వరదయ్య ఆమె కళ్లలోకి చూశాడు.

"అవునమ్మా. బాగలేదు."

తంగమ్మ మూర మల్లెపూలు తెంచి, మిషనుకు వెయ్యమని ఆయన చేతిలో పెట్టింది.