మూత మీద ఆవిరి

నవ్వాలనుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మొదలుపెట్టాక మాత్రం వద్దు. ఇది ఎవరో చెబితే విన్నది కాదు. నా కళ్లతో చూసింది... నా చేతుల కింద జరిగింది. కావాలంటే ఈ చేతుల మీదే ఒట్టు.

అప్పట్లో పటాన్‌చెరు బజారులో మాకు రంగుల దుకాణం ఉండేది. రంగులు, మేకులు, తాళాలు, టర్పెంటైన్. బొంబాయి రోడ్డు మా గుమ్మం ముందు నుంచే పోయేది. లారీ వెళ్తే చాలు, అల్మరాల్లో డబ్బాలన్నీ గలగలమనేవి. ఊరు దాటితే కర్దనూర్ దాకా ఇంకా జొన్నచేలే. వాటి మధ్య అక్కడక్కడా ఫ్యాక్టరీల రేకుల షెడ్లు లేస్తున్నాయి.

రఘు నాకు ఆ దుకాణంలోనే పరిచయమయ్యాడు. వాళ్లది తెనాలి వైపు. వాళ్ల నాన్న శేషగిరిరావుగారు దగ్గర్లోని ప్రభుత్వ కర్మాగారంలో ఇన్‌స్పెక్టరు. తయారైన ప్రతి భాగాన్నీ కొలిచి, సరిగ్గా ఉంటేనే ముద్ర వేసే ఉద్యోగం. ఒకరోజు రఘు వచ్చి వెండి రంగు కావాలన్నాడు.

"ఎంత గావాలె అన్నా?"

"ఒక చెంచాడు."

"చెంచాడు రంగుతోని ఏం జేస్తవ్?"

"విమానానికి వేస్తా."

నేను నవ్వాను. మర్నాడు ఆ విమానాన్ని అరచేతిలో పెట్టుకుని తెచ్చాడు. ఇక నవ్వలేదు నేను. రెక్కల మీద రివెట్లు కూడా కనిపిస్తున్నాయి... ఆవగింజ కంటే చిన్నవి. మద్రాసులో ఎవరో బంధువు పంపేవారట ఆ కిట్లు. డబ్బా తెరిస్తే, ప్లాస్టిక్ కాడలకు చిక్కుడుకాయల్లా వేలాడే ముక్కలు. వాటిని తుంచి, అరగదీసి, జిగురుతో అతికించి, రంగు వేయాలి. అంతా యుద్ధవిమానాలే. రఘు నాకు అతకడం నేర్పాడు. నేను అతనికి రంగులు కలపడం నేర్పాను. దుకాణం పైన, మా ఇంటి మేడ మీది గది మా కార్ఖానా.

తర్వాత అతను నిజం విమానాల్లోకే వెళ్లిపోయాడు. వైమానిక దళంలో పైలట్. సెలవు మీద వచ్చినప్పుడల్లా సంచిలో ఒక కిట్టు ఉండేది.

డెబ్భై ఒకటిలో యుద్ధం వచ్చింది. పడమటి సరిహద్దు మీదికి వెళ్లిన రఘు విమానం తిరిగి రాలేదు. చనిపోయాడని ఎవరూ చెప్పలేదు. బతికి ఉన్నాడనీ చెప్పలేదు. ఆచూకీ లేదు... అంతే.

మరుసటి చలికాలంలో శేషగిరిరావుగారు ఒక డబ్బా చంకలో పెట్టుకుని దుకాణానికి వచ్చారు. మనిషి సగమైపోయారు. డబ్బా గల్లా మీద పెట్టారు. దాని మీద హంటర్ విమానం బొమ్మ. చూడగానే గుర్తుపట్టాను. చివరి సెలవులో మేమిద్దరం మొదలుపెట్టింది. ఒళ్లూ రెక్కలూ అతికాయి. మిగతా ముక్కలు ఇంకా కాడలకే ఉన్నాయి.

"రాజేశం, ఇది పూర్తి చేసివ్వాలి అబ్బాయ్."

"ఏమైంది సార్?"

ఆయన రోడ్డు వైపు చూస్తూ మాట్లాడారు. "వాడికి జరగాల్సిన కర్మ ఏదీ జరగలేదు. మా అన్నయ్యలు ఊరి నుంచి ఒకటే ఒత్తిడి. మీ పిన్నిగారు ఒప్పుకోవట్లేదు. నిన్న ఉన్నట్టుండి ఈ డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. వాడు మొదలెట్టింది పూర్తి కానివ్వండి, అప్పుడు మీ ఇష్టం అంది."

తలాడించాను.

అర్థమైందా మీకు? నేను ఆఖరి ముక్క అతికిస్తే... అక్కడ ఒక తల్లి కొడుకు పోయాడని ఒప్పుకోవాలి.

అందుకే చేతులు నడవలేదు. కావాలనే ఆలస్యం చేశాను. కడుపు భాగానికి లేత రంగు. పైన ముదురాకుపచ్చా బూడిదరంగూ పాయలు పాయలుగా. విమానం మీద అతికించడానికి డబ్బాలో ఉన్న ముద్రలు పరాయి దేశానివి. వాటిని పక్కన పెట్టి, కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వలయాలు నేనే గీశాను. ఊపిరి బిగబట్టి, సన్నటి కుంచెతో.

చివరికి పైలట్ మిగిలాడు.

గోరంత బొమ్మ. "వీణ్ణి మాత్రం నువ్వు ముట్టకు, నేనే వేస్తా" అని ఆ సెలవులో నవ్వుతూ అన్నాడు రఘు. ఇప్పుడు నేనే వేయాల్సి వచ్చింది. మంచిదేమిటంటే, ఆ బొమ్మకు ముఖం లేదు. తలకు హెల్మెట్, ముక్కూ నోరూ కప్పేస్తూ మాస్కు. ముఖమే ఉండి ఉంటే నేను ఆ కళ్లు దిద్దగలిగేవాణ్ని కాదు.

ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ లేరు. అమ్మా అన్నావాళ్లూ సంగారెడ్డిలో పెళ్లికి పోయారు. "నువ్వు రావేందిరా?" అని అమ్మ కోప్పడింది కూడా. పని ఉందని చెప్పాను. దీపాల వేళకే దుకాణం కట్టేసి మేడెక్కాను. చలి. కిటికీలు మూసేశాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేనేమీ దాచట్లేదు. మూసిన గది, టర్పెంటైన్ వాసన, జిగురు వాసన.

పైలట్‌ను సీట్లో కూర్చోబెట్టాను. పైన మూత పెట్టాలి. మూతంటే, పైలట్ తల మీద ఉండే అద్దం లాంటి ప్లాస్టిక్. బొటనవేలి గోరంత ఉంటుంది. అగ్గిపుల్ల కొసతో అంచు చుట్టూ జిగురు రాసి, మెల్లగా అదిమాను. అతుక్కుంది.

అయిపోయింది.

విమానాన్ని బోర్లించిన గ్లాసు మీద పెట్టాను. దాని వంక చూస్తూ కూర్చున్నాను. రఘును తలచుకోవాలనుకున్నాను కానీ తలపుకు రాలేదు. వాళ్లమ్మ సుభద్రమ్మగారే గుర్తొచ్చారు. ఎప్పుడైనా వాళ్లింట్లో కూర్చుని అతికిస్తుంటే గుమ్మంలో నిలబడి, "వాసనకి తలనొప్పి రాదుట్రా మీకు?" అనేవారు.

అప్పుడు కరెంటు పోయింది.

బజారంతా చీకటి. కింద ఎవడో "అరే... ఫిర్ గయా!" అని అరిచాడు. ఒక లారీ వెళ్లింది. డబ్బాలు గలగలమన్నాయి... ఆగాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు.

తడుముకుంటూ కందిలి వెలిగించాను. వత్తి తగ్గించి బల్ల మీద పెట్టాను. విమానం నీడ గోడ మీద పడింది... పెద్దగా. ఆ నీడకు భయపడలేదు. నిజం.

మూత సరిగ్గా అతికిందా లేదా అని వంగి చూశాను.

లోపల పైలట్ కనిపించలేదు.

ఇంకా వంగాను. పైలట్ ఉన్నాడు. మూత లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టింది. చలికాలం పొద్దున అద్దం మీద ఊదితే పడుతుందే... అట్లాంటిది. అందుకే కనిపించలేదు.

జిగురు ఆవిరి అనుకున్నాను. మూత పాడైందే అని బాధపడ్డాను కూడా. చూస్తుండగానే ఆ తెలుపు అంచుల నుంచి కరుగుతూ వచ్చింది. కరిగి... కరిగి... పోయింది. హెల్మెట్ కనిపించింది. భుజాలు కనిపించాయి.

హమ్మయ్య అనుకున్నాను.

మళ్లీ పట్టింది.

ముందు మాస్కు ఎదురుగా చిన్న చుక్క. అది వ్యాపించింది. మూతంతా తెల్లబడింది. ఒక్క క్షణం నిలిచింది. మళ్లీ కరగడం మొదలుపెట్టింది.

పట్టింది... పోయింది.

పట్టింది... పోయింది.

అది దేనిలా ఉందో మీకు చెప్పక్కర్లేదు. నాకూ ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

నా ఊపిరే తగులుతోందేమో అనుకున్నాను. తువ్వాలు తీసి ముక్కూ నోరూ కట్టుకున్నాను. వెనక్కి జరిగాను. ఊపిరి బిగబట్టాను. చెవుల్లో నా గుండె చప్పుడే... ధబ్ ధబ్ ధబ్. కళ్లు ఆ మూత మీదే.

పట్టింది.

నేను ఊపిరి తీయట్లేదు. అయినా పట్టింది... పోయింది.

కందిలి వేడేమో అని దాన్ని గది అవతలి మూలకు జరిపాను. ఆ కొద్ది వెలుగులోనూ కనిపిస్తూనే ఉంది. మాస్కు పెట్టుకున్నవాడి ఊపిరి అద్దం మీద ఎట్లా పడుతుంది అని కూడా ఆలోచించాను. చూడండి, భయంలోనూ బుద్ధి ఏం లెక్కలు వేస్తుందో! అంతలోనే ఆ ఆలోచనకు ఒళ్లు జలదరించింది. బొమ్మ ఊపిరి తీస్తోందని నమ్మేసి, మాస్కు గురించి వాదిస్తున్నాను నేను.

మెట్లు దిగి పారిపోవచ్చు. తలుపు నా వెనకే ఉంది. ఎందుకు పోలేదో చెప్పనా? అది నన్ను భయపెట్టాలని చూస్తున్నట్టు లేదు. నా వైపు తిరగనే లేదు. మూసిన చోట ఎవరో ఉన్నారు... అంతే. ఉంటే, మూసింది నేను.

గడ్డం గీసుకునే బ్లేడు తీసుకున్నాను. మూత అంచులో బ్లేడు మొన పెట్టి, పైకి లేపాను. జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.

టప్.

మూత ఊడి బల్ల మీద పడింది. పైలట్ కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. ప్లాస్టిక్ బొమ్మ. నేను వేసిన రంగు. మూత తీసి కందిలి దగ్గర పెట్టి చూశాను. మచ్చ లేదు, మరక లేదు. నీళ్లలా తేటగా ఉంది.

కిటికీలన్నీ తెరిచాను. చలిగాలి కొట్టింది. కరెంటు వచ్చేదాకా గోడకానుకుని కూర్చున్నాను. విమానం వైపు వీపు పెట్టలేదు.

తెల్లారాక చూస్తే అన్నీ మామూలే. కింద పాలవాడి గంట. బల్ల మీద ఓ బొమ్మ విమానం. మూత మళ్లీ అతికిద్దామని అంచుకు జిగురు రాశాను. చెయ్యి ముందుకు పోలేదు. తుడిచేశాను. ఇంకోసారి రాశాను. ఇంకోసారి తుడిచాను. చివరికి హంటర్ మూత ఎట్లా తెరుచుకుంటుందో అట్లా... వెనక్కి జరిపి అతికించాను. తెరిచే ఉంచాను.

వాళ్ల క్వార్టర్‌కు తీసుకెళ్లాను. సుభద్రమ్మగారు ముందుగదిలో చాప మీద కూర్చుని ఉన్నారు. విమానాన్ని రెండు చేతులతో అందుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. శేషగిరిరావుగారు పక్కనే నిలబడ్డారు. రాత్రి సంగతి నేను ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

"మూత తెరిచి ఉందేం నాయనా?" అన్నారు ఆవిడ.

"గట్లనే పెట్టిన అమ్మా."

"విరిగిందా?"

"లేదమ్మా. మంచిగనే ఉంది."

"మరి?"

ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడ్డాను.

ఆవిడ ఆ మూత మీద వేలు పెట్టి నిమిరారు. "అయితే ఇంకా ఎక్కుతున్నాడో... దిగుతున్నాడో" అన్నారు. తర్వాత భర్త వైపు చూసి, చాలా మామూలుగా, "ఇప్పుడే వద్దండీ. మీ అన్నయ్యలకి చెప్పేయండి" అన్నారు.

శేషగిరిరావుగారు నన్ను చూశారు. తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, లోపలికి వెళ్లిపోయారు.

ఆ కర్మ ఆ ఏడు జరగలేదు. ఆ తర్వాతా జరగలేదు. రఘు గురించి ఏ కబురూ రాలేదు. ఆవిడ మాత్రం లేచి తిరగసాగారు. వంట చేశారు, పేరంటాలకు వెళ్లారు. ఆయనే ఒంగిపోయారు. నేను మంచి చేశానో చెడు చేశానో ఎన్నోసార్లు ఆలోచించాను. తేలలేదు.

చాలా ఏళ్ల తర్వాత గడ్డపోతారంలో మందుల ఫ్యాక్టరీ కెమిస్టు ఒకాయన్ని మాటల్లో అడిగాను. ఆయన నవ్వేశాడు. "ఆ జిగురు ఆవిరికి ప్లాస్టిక్ తెల్లబడుడు మామూలే భాయ్" అన్నాడు. నా ప్రాణం కుదుటపడింది. "మల్ల తెల్లబడ్డది పోతదా?" అన్నాను. "పోదు. ప్లాస్టిక్కే ఖరాబైతది గద!" అన్నాడు. ఇక ఏమీ అడగలేదు. టర్పెంటైన్ వాసన తలకెక్కిందేమో. అయి ఉండొచ్చు. కాదని నేననను.

శేషగిరిరావుగారు రిటైరై తెనాలి వెళ్లిపోయే రోజు సంగతి ఒకటుంది. సామాన్ల లారీ మా దుకాణం ముందు ఆగింది. ఆయన ఒక్కరే దిగి లోపలికి వచ్చారు. సుభద్రమ్మగారు ముందు సీట్లోనే ఉన్నారు, ఒళ్లో గుడ్డ చుట్టిన విమానంతో.

"ఆ మూత ఎందుకు తెరిచావు రాజేశం? ఇన్నేళ్లూ అడగలేదు. ఇప్పుడు చెప్పు."

చెప్పాను. అంతా. ఆవిరి పట్టడం, పోవడం, నేను ఊపిరి బిగబట్టడం. జీవితమంతా కొలతలు కొలిచిన మనిషి. కొట్టిపారేస్తారనే అనుకున్నాను. ఆయన కౌంటర్ అంచు పట్టుకుని విన్నారు. బయట లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు.

"ఒక్కటి చెప్పు అబ్బాయ్" అన్నారు, గొంతు తగ్గించి. "ఆ ఊపిరి... ఆయాసంగా ఉందా? నిదానంగా ఉందా?"

"నిదానంగనే ఉండె సార్" అన్నాను. "పండుకున్న మనిషి లెక్క."

ఆయన తలాడించారు. నా భుజం మీద చెయ్యి వేసి, వెళ్లి లారీ ఎక్కారు.

నిదానంగానే ఉందా? ఆ రాత్రి నాకు అట్లాగే అనిపించిందా... లేక ఆయన ముఖం చూసి అట్లా అన్నానా? ఎన్నిసార్లు కళ్లు మూసుకుని చూసుకున్నా, ఆ తెలుపు రావడం, పోవడం కనిపిస్తుంది కానీ... ఎంత మెల్లగానో మాత్రం గుర్తుకు రాదు.