గాయన నడిపిన ఫట్‌ఫటి

ఆయిల్ ఇంజన్లు బాగుచేసి బతికినవాణ్ణి నేను. ఇంజన్ ఆగిందంటే డీజిల్లో నీళ్లు కలిసి ఉండాలి, లేదా పైపులో గాలి చేరి ఉండాలి, అదీ కాకపోతే వాల్వు పోయి ఉండాలి. దయ్యం పట్టి ఆగిన ఇంజన్ నాకు ఇంతవరకు ఒక్కటీ తగల్లేదు. మెదక్‌లో మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు ఆ మనిషికి కడుపునిండా అన్నం పెట్టి చూడండని చెప్పి తిట్లు తినేవాణ్ణి.

ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ ఒక మధ్యాహ్నం నా భార్యను ఫట్‌ఫటి మీద ఎక్కించుకుని తిప్పినవాడు ఎవడో తెలియక ఇన్నేళ్లుగా కడుపు మండుతూనే ఉంది. ఆ సంగతే చెబుతాను. ఫట్‌ఫటి అంటే మోటారు సైకిలే. అప్పట్లో మా దగ్గర అందరూ అలాగే అనేవాళ్లు.

అరవయ్యో దశకం చివరి రోజులు. అనసూయతో నాకు కొత్తగా పెళ్లయింది. ఆమెది టేక్మాల్. అనసూయ అంటే అసూయ లేనిది అని అర్థమట. అలాంటి పేరున్న మనిషిని కట్టుకుని, ఇంట్లో ఉన్న అసూయంతా నేనొక్కణ్ణే మోశాను.

దానికి కారణం విఠల్. అనసూయకు మేనబావ. చిన్నప్పటి నుంచి ఆమెను విఠల్ పెళ్లాం అనే అందరూ ఆటపట్టించారు. పెళ్లీడు వచ్చేసరికి బావి నీళ్ల వంతు దగ్గర రెండిళ్లకూ మాటలు లేకుండా పోయాయి. సంబంధం నా దాకా వచ్చింది. తర్వాత వాళ్లకు మాటలు కలిశాయి గానీ, అప్పటికే నేను తాళి కట్టేశాను.

విఠల్ బీడీ ఆకు కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాడు. అడవిలో ఆకు ఆరబెట్టే కల్లాలన్నీ తిరగాలి కాబట్టి కాంట్రాక్టరు అతనికి ఒక ఫట్‌ఫటి ఇచ్చాడు. మెదక్ వచ్చినప్పుడల్లా మా ఇంటి ముందు ఆపేవాడు. ఆ చప్పుడు నాకంటే ముందు అనసూయకు వినిపించేది. చేతులు కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి పరుగెత్తేది. "విఠల్ బావొచ్చిండు" అనేది. ఆ ఒక్క మాటతో నాకు ఆ పూట అన్నం సయించేది కాదు.

పోనీ అతన్ని ఏమైనా అందామా అంటే, వంక పెట్టడానికి లేదు. నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. చాయ్ తాగి, తలవంచుకుని పోయేవాడు. అదే నాకు ఇంకా మంటగా ఉండేది.

"రాళ్ల మీదికెల్లి పోయినా, విఠల్ బావ ఎనక కూసున్నోళ్లకు కుదుపే తెల్వదట" అంది ఒకసారి అనసూయ, వడ్డిస్తూ.

"నువ్వెప్పుడు కూసున్నవు?" అని అడిగాను.

"నేనెందుకు కూసుంట? అందరంటరు" అంది. ఆ రాత్రంతా ఆ అందరూ ఎవరా అని ఆలోచించాను.

నేనూ ఒక ఫట్‌ఫటి కొన్నాను. మిలిటరీ వాళ్లు వదిలేసిన పాత బండి. దాని ఇంజన్‌కు దగ్గు ఉండేది, నేను ఎంత విప్పి బిగించినా పోలేదు. బావుల దగ్గరికి సామాను మోయలేక కొన్నానని ఊరందరికీ చెప్పాను. అది అబద్ధం కాదు గానీ, అసలు సంగతి కూడా కాదు.

డాంబర్ రోడ్డు మీద నడపడం తొందరగానే వచ్చింది. కానీ రైతుల బావులు డాంబర్ రోడ్డు పక్కన ఉండవు కదా. బండ్ల బాటలోకి దిగితే మొదలవుతుంది అసలు తంటా. ఎద్దుబండి చక్రాలు కోసిన గాడిలో ముందు చక్రం పడిందంటే, ఇక నేను చెప్పిన దిక్కుకు అది రాదు. ఇసుకలో పడ్డాను, రాళ్లలో పడ్డాను, ఏమీ లేని చోట కూడా పడ్డాను. మోకాళ్లు గీరుకుపోయి ఇంటికి వస్తే అనసూయ పసుపు పెట్టేది. పెడుతూ నవ్వేది.

నా వెనక కూర్చోమని ఎన్నిసార్లు అడిగినా కూర్చోలేదు. "నువ్వు నేర్సుకో, అప్పుడు కూసుంట. గిప్పుడు కూసుంటే ఇద్దరం గల్సి దవాఖానల పండాలె" అనేది. ఆమె అన్నది న్యాయమే. నాకు మాత్రం, అదే విఠల్ బండి అయితే కూర్చునేదే అన్నట్టు వినిపించేది. ఆమె నా వెనక సీట్లో కూర్చున్న రోజే నేను ఆమె మొగుణ్ణి, అంతవరకు కాదు, అనే దాకా పోయింది నా పిచ్చి.

చివరికి సిగ్గు చంపుకుని విఠల్‌నే అడిగాను, నేర్పమని.

అతను ఎంత బాగా నేర్పాడంటే, నాకు ఏడుపొచ్చేది. "ముందటి సక్రాన్ని సూడకన్నా. యాడికి పోవాలెనో గాడ సూడు. కన్ను వోయిన కాడికి బండి వోతది" అనేవాడు. రాళ్లొస్తే సీటు మీద నుంచి లేచి, ఫుట్‌రెస్టుల మీద నిలబడి, మోకాళ్లు వదులుగా పెట్టమనేవాడు. ఇసుక వస్తే టైరులో గాలి కొంచెం తగ్గించి, ఒంటి బరువు వెనక్కి వేసి, రేసు తగ్గించకుండా పొమ్మనేవాడు. దిగుడులో ముందు బ్రేకు ముట్టుకోవద్దని, చిన్న గేరులో ఇంజనే బండిని పట్టుకుంటుందని చెప్పేవాడు. "హ్యాండిల్‌ను గట్ల పిసుకకు, జర ఇడువు" అని నా చేతుల మీద మెల్లగా తట్టేవాడు. అన్నీ నా తలకు అర్థమయ్యేవి. ఒంటికి ఎక్కేవి కావు. అతను మాత్రం రాతిగుండ్ల మధ్య నుంచి సొంత వాకిట్లో తిరిగినట్టు పోయేవాడు.

ఆ ఏడు తొలివానలు పడ్డాయి. బురదలో నేర్చుకుంటేనే అసలు నేర్చుకోవడమని విఠల్ పొద్దున్నే వచ్చాడు. ఇద్దరం రెండు బండ్ల మీద కౌడిపల్లి వైపు పోయాం. ఒక వాగు దాటుతుంటే నా బండి ఇరుసు దాకా నల్లమట్టిలో దిగబడింది. చైను ఊడింది. ఇంజన్‌లోకి నీళ్లు పోయాయి. దాన్ని గుంజడం, కడగడం, ప్లగ్గు విప్పి ఆరబెట్టడం, మళ్లీ దిగబడటం. అతను తెచ్చిన జొన్నరొట్టె ఇద్దరం ఆ వాగు ఒడ్డునే తిన్నాం. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. విఠల్ నా కళ్ల ముందు నుంచి కదల్లేదు, నేను అతని కళ్ల ముందు నుంచి కదల్లేదు. రెండు బండ్లూ మా ముందే ఉన్నాయి. ఇది గట్టిగా చెప్పాల్సిన మాట, అందుకే చెబుతున్నాను.

సాయంత్రం మెదక్ మొదట్లో అతను తన దారిన పోయాడు. మా వీధి మలుపులో నా ఇంజన్ మళ్లీ ఆగిపోయింది. నెట్టుకుంటూ వచ్చాను. అందుకే నేను వచ్చిన సంగతి ఇంట్లో తెలియలేదు. అనసూయ గోడ దగ్గర నిలబడి పక్కింటి రజియాతో మాట్లాడుతోంది. రజియా దర్జీ భార్య. ఇద్దరికీ మంచి స్నేహం.

"ఏం చెప్పాలె రజియక్కా! గాయన గింత మంచిగ నడుపుతడని నాకు తెల్వనే తెల్వదు. ఇసుకల, రాళ్లల యాడ గూడ ఒక్క కుదుపు లేదు. ముందుగాల భయమై కండ్లు మూసుకున్న. జరసేపటికి నేనే తెరిసిన" అంటోంది.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు మొగుడి పేరు నోట పలకరు. గాయన అంటారు. ఎవరింటి గాయన వాళ్లకు ఉంటాడు, వినేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. కానీ ఆ క్షణాన, ఆమె మాటల్లోని గాయన నేను కాదు. నేను నడపలేదు. నా బండి మీద ఆమె ఏనాడూ కూర్చోలేదు.

నా ఒళ్లు భగ్గుమంది. విఠల్ అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే, పొద్దంతా అతను నాతో బురదలో ఉన్నాడని గుర్తొచ్చింది. మరి ఇంకెవడు? విఠల్ అయితేనే నయం, తెలిసినవాడు అనిపించింది. అంత చెడ్డది అసూయ.

లోపలికి పోయి, "ఎవరే గాయన?" అన్నాను.

అనసూయ నా మొహంలోకి చూసి పకపకా నవ్వింది. నాలుక నీలంగా ఉంది. గూట్లో గిన్నెనిండా నేరేడు పండ్లు ఉన్నాయి. "గిదేం తమాషనయ్యా? నువ్వే. ఇంకెవరుంటరు?" అంది. తర్వాత నా బట్టలు చూసింది. "నన్ను దింపి మల్ల యాడికి పోయినవు? గీ బురదేంది?"

ఆమె చెప్పింది ఇది. మధ్యాహ్నం బియ్యం చెరుగుతుంటే వాకిట్లో ఫట్‌ఫటి ఆగింది. నేనే, నా ఖాకీ షర్టుతోనే. ఇంజన్ బందు చేయకుండానే "రా, పోదాం" అన్నాను. అంతకు ముందు ఎన్నిసార్లో పిలిస్తే రానిది, ఆ రోజు ఎందుకో వెంటనే ఎక్కింది. టేక్మాల్ రోడ్డున పోయి, బండ్ల బాటలోకి దిగి, మంజీర నది ఇసుక దాకా పోయాం. దారిలో నేను పెద్దగా మాట్లాడలేదు. ఒక చెట్టు కింద ఆపి, కొమ్మ వంచి పండ్లు రాల్చాను. ఆమె ఒడి పట్టింది. పొద్దు ఉండగానే ఇంటి దగ్గర దింపి పోయాను.

నేను కాదు అనే మాట నా నోటి దాకా వచ్చింది. కానీ ఆమె నన్ను చూస్తున్న చూపు చూశాను. పెళ్లయిన నాటి నుంచి నేను ఎదురుచూసిన చూపు అది. ఎవడో సంపాదించింది, తెచ్చి నా చేతిలో పెట్టారు. కాదనే బలం నాకు లేకపోయింది.

"తమాషకే అడిగిన" అన్నాను.

మర్నాడు రజియాను అడిగాను. "మొఖం సూడలేదు భాయ్, నేను పరదా ఎనకున్న. షర్టయితే మీదే. ఫట్‌ఫటి గూడ మీదే. గని నిన్న దానికి దగ్గు లేదు, సప్పుడు సాఫ్‌గ ఉండె" అంది.

టేక్మాల్ బాటకు పోయి చూశాను. తడి మట్టిలో ఒకటే టైరు జాడ, పోయింది, వచ్చింది. నా వెనక టైరుకు అతుకు ఉంది. ఆ అతుకు ఆ జాడలో స్పష్టంగా కనిపిస్తోంది. నేను నడిపితే జాడకు రెండు పక్కలా కాళ్లు ఈడ్చిన గీతలు ఉంటాయి. దీనికి ఒక్క గీత లేదు. గాడిని ఎక్కడ దాటాలో అక్కడే దాటింది. ఇసుకలో తాడు పరిచినట్టు పోయింది. ఆ జాడలోనే నా చక్రం పెట్టి నడిపి చూశాను. కొంత దూరం పోయి పడ్డాను.

విఠల్‌కు ఒక్కడికే మొత్తం చెప్పాను. వెంట తీసుకుపోయి జాడ చూపించాను. ముందు నవ్వాడు. "నువ్వు నా కండ్ల ముందట్నే ఉన్నవు గదన్నా! నీ బండిని నేనే గుంజితి" అన్నాడు. తర్వాత వంగి జాడ మీద చెయ్యి పెట్టి చాలాసేపు చూశాడు. మొహంలో నవ్వు పోయింది.

"గిట్ల నేను గూడ నడపలేనన్నా" అన్నాడు.

అప్పుడు అతని మొహంలో నా మొహమే కనిపించింది. నా వైపు చూడకుండా, "అనసూయ భయపడలేదా మరి?" అని అడిగాడు. లేదన్నాను. బండి స్టార్ట్ చేసుకుని పోయాడు. ఆ తర్వాత రావడం తగ్గించాడు. వచ్చినా, అనసూయ వాకిట్లోకి ఉరికేది కాదు. పొయ్యి దగ్గర నుంచే "కూసో బావా, చాయ్ పెడ్త" అనేది.

నేను కోరింది అదే. దొరికింది. అయినా నాకు శాంతి లేదు. నా అసూయ విఠల్ మీద నుంచి లేచి, పేరు లేని ఒకడి మీద కూర్చుంది. విఠల్ అయితే తిట్టుకోవడానికైనా ఒక మనిషి. వీణ్ణి ఏమని తిట్టను? నా షర్టు తొడుక్కుని, నా మొహం పెట్టుకుని వచ్చాడు.

అనసూయ ఆ రోజు నుంచి నా వెనక బెదురు లేకుండా కూర్చుంది. పడేసినా కోపం తెచ్చుకోలేదు. వాణ్ణి మించాలని నేను ఏళ్ల తరబడి బాటలు, వాగులు, గుట్టలు తిరిగాను. నిజంగానే నేర్చుకున్నాను. రేగోడ్ దాకా ఏ బావికైనా బాట లేకున్నా పోయేవాణ్ణి. రైతులు మెచ్చుకునేవాళ్లు. అనసూయ నా భుజం మీద చెయ్యి వేసి, "మంచిగనే నడుపుతున్నవు. గని గా దినం లెక్క గాదు" అనేది. మెచ్చుకున్నాననే అనుకునేది పాపం.

ఇంజన్ విప్పినట్టు ఈ సంగతిని విప్పి పరిచి ఎన్నిసార్లు చూశానో. ఆమె కల కన్నదా అంటే, ఆ నేరేడు పండ్లు నేనూ తిన్నాను. విఠల్ నాటకం ఆడాడా అంటే, అతను నా పక్కన ఉన్నాడు. ఎవడో నా షర్టు వేసుకుని వచ్చాడా అంటే, షర్టు నా ఒంటి మీద ఉంది. ఏ ముక్కా ఏ ముక్కకూ అతకదు.

మొన్న వానాకాలంలో ఇద్దరం వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అనసూయ ఉన్నట్టుండి అంది: "గా దినం నన్ను దింపినంక, పోయేటప్పుడు ఒక మాటన్నవు. యాదికున్నదా?"

ఇన్నేళ్లలో ఆ మాట సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

ఏమన్నానని అడిగితే, నేను కాదని తెలిసిపోతుంది. "ఉన్నది" అన్నాను.

"గా మాట మీదనే బతికిన నేను" అంది అనసూయ. కళ్లు తుడుచుకుని, నా చెయ్యి ఒకసారి నొక్కి, లోపలికి పోయింది.

ఏమన్నాడో వాడు, నాకు ఇప్పటికీ తెలియదు.