పూజగదిలో లైసెన్సు

మా ఇంట్లో పూజగది అంటే గోడకు బిగించిన ఒక చెక్క అల్మారా. పై అరలో బల్కంపేట ఎల్లమ్మ తల్లి, పక్కన వేములవాడ రాజన్న. కింది అరలో లక్ష్మీదేవి, ఆమె పక్కన ఒక చట్రంలో నా ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్సు. దేవుళ్ల సరసన నాకు చోటు దొరికింది నా భక్తి చూసి కాదు. ఆ కాగితం లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదని ఎవరో మా అత్తమ్మ చెవిన వేశారు. ఆమెది వ్యవసాయం చేసిన కుటుంబం, నాగలికి బొట్టు పెట్టిన చెయ్యి. నగరానికి వచ్చాక నాగలి పోయి నా లైసెన్సు దొరికింది. ప్రతి శుక్రవారం దానికి పసుపు, కుంకుమ, సాంబ్రాణి పొగ. దసరాకు డ్రిల్లు మిషను, కటింగ్ ప్లేయర్లు దాని ముందు పరిచి, పైన బంతిపూల దండ.

మొదట్లో చట్రానికి అద్దం ఉండేది. అద్దానికి బొట్టు పెడితే లోపలికి అందుతుందా లేదా అని అత్తమ్మకు అనుమానం వచ్చి తీయించేసింది. అప్పటి నుంచి బొట్టు నేరుగా కాగితం మీదే పడేది. కాగితం మూలన నా పాస్‌పోర్టు సైజు ఫోటో ఉంది కదా, ఆడపిల్ల నుదురు బోసిగా ఉండకూడదని కుంకుమ అక్కడే పెట్టేది. ఫోటో ఎంతో ఆమె బొటనవేలు అంతే.

ఆ లైసెన్సు నాకు ఊరికే రాలేదు. మా నాన్న మగ్గాల ఊరు వదిలి వచ్చి అమీర్‌పేటలో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి. ఆయన బ్లౌజులు కుట్టి నన్ను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివించాడు. తర్వాత సూపర్‌వైజరు పరీక్ష రాశాను, పాసయ్యాను. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు నన్ను పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. పరీక్ష పాసైన కాగితం చూపించమన్నారు. నేను పొంగిపోయాను, చదువుకు విలువిచ్చే ఇల్లు దొరికిందని.

మా ఆయన చిన్నప్పటి నుంచి వైరింగ్ పనిలో ఉన్నాడు. పని తెచ్చే నోరుంది, పనివాళ్లను పరుగెత్తించే గొంతు ఉంది. లేనిదల్లా చదువు, దానితో వచ్చే కాగితం. నా దగ్గర కాగితం ఉంది, నోరు మాత్రం పెళ్లయ్యాక తగ్గించుకోవాల్సి వచ్చింది. పెళ్లయిన ఏడాదిలోపే నా పేరున కాంట్రాక్టర్ లైసెన్సు తీసుకుని ఫర్ము పెట్టాం. బోర్డు మీద లైసెన్సు నంబరు నాది, ఫోన్ నంబరు ఆయనది, ఫోటో కూడా ఆయనదే. అమీర్‌పేట మొత్తానికి ఆయన కాంట్రాక్టర్ సాబ్. నేను కాంట్రాక్టర్ సాబ్ భార్యని.

చట్టం ప్రకారం పని నేను చూసి, పరీక్షించి, బాగుందని సంతకం పెట్టాలి. అప్పుడే బిల్డింగుకు కరెంటు వస్తుంది. ఇంటివాళ్ల ప్రకారం ఆడవాళ్లు సైటుకు పోకూడదు, దుమ్ము. చూడకుండా సంతకం పెట్టనని నేను మొండికేశాను. కొన్నాళ్లు ఆయన ఫోన్లో వీడియోలు తెచ్చి చూపించాడు. పెళ్లి వీడియోలో నగలు చూపించినట్టు ఒక్కొక్క స్విచ్‌బోర్డునూ దగ్గరగా తీసేవాడు. గోడ లోపల ఏముందో ఆ వీడియోలో కనిపించదు కదా. చివరికి ఇద్దరి మాటా నిలబడే దారి ఒకటి దొరికింది. భార్య సైటుకు పోతే తప్పు కాని, భర్తకు అన్నం తీసుకుపోతే ఎవరేమంటారు?

అలా మొదలైంది నా డబ్బా ఉద్యోగం. మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని సైటుకు పోతాను. ఆయన ఓ మూల కూర్చుని తింటాడు. నేను ఊసుపోనట్టు బిల్డింగంతా తిరుగుతాను. మీటరు బోర్డు, గీజర్ పాయింట్లు, ఎర్త్ గుంత అన్నీ చూసుకుంటాను. కొంగు చాటున, తీగ తెగిందో లేదో చెప్పే చిన్న బ్యాటరీ టెస్టరు ఉంటుంది. తిరిగొచ్చి, పెరుగన్నం వడ్డిస్తూ, ఏది తప్పో ఆయన చెవిలో చెబుతాను. ఆయన చెయ్యి కడుక్కుని లేచి, అదే మాట బిల్డింగు దద్దరిల్లేలా పనివాళ్లతో అంటాడు. సాబ్‌కు డేగకళ్లని వాళ్లు మెచ్చుకుంటుంటే, ఆ కళ్లు మెట్ల మీద కూర్చుని గిన్నెలు సర్దుకుంటుండేవి. నాకు ఒళ్లు మండేది. అయినా పని సరిగ్గా జరుగుతోంది కదా అని ఊరుకునేదాన్ని.

ఇట్లా ఏళ్లు గడిచి, లైసెన్సు రెన్యువల్ వచ్చింది. ఒరిజినల్ చూపించాలన్నారు. మా ఆయన దేవుడికి దండం పెట్టుకుని, అల్మారాలోంచి చట్రం తీసి, ఎర్రమంజిల్ వైపు ఆఫీసుకు పట్టుకుపోయాడు. సాయంత్రం మొహం వేలాడేసుకుని వచ్చాడు. అక్కడి గుమస్తా కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడట, వేలితో గీకి చూశాడట. ఫోటోలో నా మొహం ఉండాల్సిన చోట గుండ్రంగా ఎర్రటి ముద్ద. పేరు సగం పసుపులో కలిసిపోయింది. మిగతా సగాన్ని నూనె తాగేసింది. ఇది లైసెన్సా, పెళ్లిపత్రికా అని అడిగాడట. ఇక లైసెన్సు ఉన్న మనిషే పెద్ద అధికారి ముందుకు వచ్చి, తానే ఆ మనిషినని రుజువు చేసుకోవాలట.

సరిగ్గా అప్పుడే అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్ పని పూర్తికావస్తోంది. కోచింగులకు వచ్చే పిల్లలు. బాత్రూముకో గీజరు. నా సంతకం పడితే గాని కరెంటు రాదు, లైసెన్సు నిలబడితే గాని నా సంతకానికి విలువ లేదు. లైసెన్సు పోతే మా ఆయన ఇంకెవరి కాగితమో తెచ్చుకుంటాడు, లోకం ఆగదు. నాకు మాత్రం అది తప్ప నాదని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆ మాట ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

అమీర్‌పేటలో కోచింగ్ లేకుండా ఎవరూ ఏ పరీక్షకూ పోరు. నాకు మా ఆయనే కోచింగ్ ఇచ్చాడు. ఫ్యూజ్ అంటే ఏమిటో, ఎర్తింగ్ ఎందుకో, నేను ఆయన చెవిలో చెప్పినవన్నీ నాకే తిప్పి చెప్పాడు. ఎక్కువ మాట్లాడొద్దన్నది ఆఖరి పాఠం. కొత్త ఫోటో కోసం పంజాగుట్టలో ఒక స్టూడియోకు పోయాం. కాంట్రాక్టర్ లైసెన్సుకు ఫోటో కావాలన్నాను. ఫోటోగ్రాఫరు మా ఆయన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కింద వేలుపెట్టి పైకెత్తి, టకటకా తీసేశాడు. ఆయన కూడా మొహం సర్దుకుని కూర్చున్నాడే తప్ప, లైసెన్సు తనది కాదనలేదు. ప్రింట్లు చేతికొచ్చాక ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తర్వాత నాది తీశారు. ఆయన ఫోటోలు కూడా అదే కవర్లో వేసిచ్చారు.

మర్నాడు అమీర్‌పేటలో మెట్రో ఎక్కి ఆఫీసుకు పోయాం. గుమ్మం దగ్గర అటెండరు, కాంట్రాక్టర్ ఒక్కరే లోపలికి రావాలని చెప్పి తలుపు తీశాడు. మా ఆయన లోపలికి పోయాడు. అలవాటు అంత చెడ్డది. నేను బయట బెంచీ మీద కూర్చుని తలుపు వైపు చూస్తున్నాను, ఎప్పటికి గుర్తొస్తుందా అని. ఆయనకు గుర్తు రాలేదు, అధికారే గుర్తుచేశాడు. చెమట తుడుచుకుంటూ వచ్చి నన్ను పిలిచాడు.

అధికారి కోస్తావైపు మనిషి, నెమ్మదస్తుడు. నన్ను నాలుగు ప్రశ్నలడిగాడు, చెప్పాను. ఆయనేమీ ఆశ్చర్యపోలేదు.

"పుస్తకం చదివిన వాళ్లెవరైనా ఇవి చెప్తారమ్మా. పేరు భార్యది, పని భర్తది, ఇలాంటివి నేను చాలా చూశాను. సైటులో పని మీరు చూస్తారని చెప్పేవాళ్లు ఒక్కరున్నారా?"

నేను చూసిన బిల్డింగులు అమీర్‌పేట నిండా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కరిని అడిగినా, ఆమెనా, అన్నం తెచ్చే ఆమె అంటారు. అధికారి ఇప్పుడు నడుస్తున్న పనేదో అడిగి తెలుసుకుని, రేపు హాస్టల్ సైటుకు తానే వస్తానన్నాడు. అక్కడ పని నాదని తేలితే రెన్యువల్ చేస్తాడు, తేలకపోతే రద్దుకు రాస్తాడు. ఆయన మాటలో కోపం లేదు, అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

రైల్లోంచే మా ఆయన మేస్త్రికి ఫోన్ చేశాడు. రేపు సారు అడిగితే అంతా మేడమే చూస్తారని చెప్పమన్నాడు. మేస్త్రి ఏదో అడిగాడు. మా ఆయన నా వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, మేడం అంటే మీ వదినేరా అన్నాడు. అవతలి నుంచి నవ్వు నాకూ వినిపించింది.

మర్నాడు మధ్యాహ్నం అధికారి వచ్చేసరికి నేను సైటులోనే ఉన్నాను. చేతిలో క్యారియర్ ఉంది. అంతటి రోజున కూడా పొద్దున్నే లేచి వంకాయ కూర వండి డబ్బా కట్టాను, ఏం చెప్పమంటారు. అధికారి మేస్త్రిని పిలిచి, ఇక్కడ పని చూసేదెవరని అడిగాడు. మేస్త్రి చేతులు కట్టుకుని, అంతా మేడమే చూస్తారని ఒప్పజెప్పాడు. ఏ మేడం అని రెండో ప్రశ్న వచ్చింది. అది వాడి కోచింగులో లేదు. ముందురోజు ఫోన్లో విన్న మాట సారు ముందు మరిచిపోయాడో, నమ్మలేకపోయాడో, అటూ ఇటూ చూసి, ఇస్త్రీ చీరలో నిలబడ్డ హాస్టల్ ఓనరమ్మను చూపించాడు.

అధికారి జేబులోంచి పెన్ను తీశాడు. మా నాన్న కుట్టిన బ్లౌజులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఆ డబ్బా మా ఆయన నెత్తిన విసిరికొట్టాలన్నంత కోపం వచ్చింది.

రాసే ముందు ఎందుకో అధికారి ఒక బాత్రూములోకి తొంగిచూశాడు. గీజర్ పాయింటు కింద గోడ పగలగొట్టి మళ్లీ పూడ్చిన జాడ ఉంది. ఇదేమిటని అడిగాడు. నేర్పిన పాఠం అయిపోయింది కాబట్టి మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. తెలిసిందంతా చెప్పాడు.

"మొదలు మూడో తీగ, గదే ఎర్త్ తీగ, లోపట్నే కట్ చేసి ప్లేటెనక దాసినం సార్. ఎర్త్ దాకా గుంజాల్నంటే లేటయితదని. అన్న మస్తు గరమైండు. తడి చేతుల పిల్లలు సస్తరని, గోడ పలగొట్టిచ్చి మల్ల గుంజిచ్చిండు."

"ప్లేటు వెనకున్నది మీ అన్న ఎలా చూశాడు?"

"అదే మాకు సుత సమజ్ గాదు సార్. పొద్దుగాల వచ్చినప్పుడు అన్నకు ఏం కనవడది. అన్నం తిన్నంకనే కనవడ్తది. ఏ సైటుల అయినా గంతే. వదిన డబ్బా తెస్తది, అన్న తింటడు, తిన్నంక ఒక్కో తప్పు బయటికి తీస్తడు. గా డబ్బాల ఏం కలుపుతదో ఏమో."

అధికారి నా చేతిలోని క్యారియర్ వైపు చూశాడు. అన్న తినేటప్పుడు వదిన ఏం చేస్తుంటారని మెల్లగా అడిగాడు. బిల్డింగంతా తిరిగి చూస్తుందని, ఆమెకు అట్లా చూసుకుంటూ తిరగడం ఇష్టమని మేస్త్రి అమాయకంగా చెప్పాడు. అధికారి పెన్ను మూత పెట్టి మా ఆయన వైపు తిరిగాడు.

"ఏంటండీ, డబ్బా అన్నం తింటే గోడలోపల తీగలు కనిపిస్తాయా?"

మా ఆయన తల వంచుకున్నాడు. పనివాళ్లంతా చుట్టూ నిలబడి ఉన్నారు.

"ఆమెనే చెప్తది సార్," అన్నాడు. "నేను అంటనంతే."

అధికారి నాతో మూడో తీగలన్నీ ఒక్కొక్కటీ పరీక్షించి చూపించమన్నాడు. కొంగు చాటున ఉన్న టెస్టరు మొదటిసారి అందరి ముందూ బయటికి తీశాను. క్యారియర్ మా ఆయన చేతికిచ్చాను. పై అంతస్తులో ఒకటి సరిగా లేదు, దాన్ని మళ్లీ గుంజమని మేస్త్రికి చెప్పాను. వాడు మా ఆయన మొహం చూశాడు. ఆయన అప్పటికే మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పుతున్నాడు. అన్న తినేదాకా ఆగుదామా అని మేస్త్రి నన్నే అడిగాడు. ఆగనక్కర్లేదు అన్నాను.

కొత్త లైసెన్సు వచ్చింది, నా మొహంతో సహా. హాస్టల్‌కు కరెంటు వచ్చింది. లైసెన్సును నేను హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని సైటుకు పోతున్నాను. డబ్బా ఇప్పుడు ఆయన మోసుకొస్తున్నాడు. వంట మాత్రం ఇంకా నాదే, దానికి లైసెన్సు ఎవరూ అడగలేదు.

శుక్రవారం వచ్చింది. అల్మారాలో చట్రం ఖాళీగా ఉందని అత్తమ్మ గొణిగింది. లైసెన్సు ఇక అక్కడికి రాదని చెప్పాను. ఇల్లు నడిపేది ఒకటి అక్కడ ఉండాల్సిందేనని పట్టుబట్టింది. సరేనని స్టూడియో కవర్లోంచి మా ఆయన ఫోటో తీసి చట్రంలో పెట్టాను. చక్కగా వచ్చింది, గడ్డం పైకెత్తి. నుదుట ఇంత కుంకుమ పెట్టి, ఆమె తెప్పించిన బంతిపూల దండ ఆయన ఫోటోకు వేశాను.

దీపం పట్టుకుని వచ్చిన అత్తమ్మ అక్కడే ఆగిపోయింది.

"నీ నోట్ల మన్నువడ, బతికున్న మనిషికి దండ ఏస్తరానే?"

"నాకు ఇన్నేండ్లు ఏసిండ్రు గద అత్తమ్మా," అన్నాను.

ఆమె దీపం కింద పెట్టి చాలాసేపు ఆ చట్రం వైపే చూసింది. తర్వాత తనే లేచి దండ తీసి, ఎల్లమ్మ తల్లికి వేసింది.